చూసినాడా, విన్నాడా?

మొన్న పళ్ల డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి, నోరు బార్లా తెరిచి పడుకున్నాను. ఆవిడ రెండు వేళ్లు నా నోట్లో పెట్టి వెనక దవడ పన్ను కదిపి చూస్తోంది. ప్రాణం జివ్వుమనేసరికి నాకు తెలియకుండానే ఆవిడ మణికట్టు గట్టిగా పట్టుకున్నాను. పట్టుకున్నానో లేదో, నవ్వొచ్చింది. నోట్లో ఇంకొకరి వేళ్లు ఉండగా నవ్వితే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు. ఆవిడ చెయ్యి లాగేసుకుని, "మీకు బాగానే ఉందా?" అని అడిగింది.

"ఏం లేదండీ. ఒక స్నేహితుడు గుర్తొచ్చాడు" అన్నాను.

అంతకంటే ఏం చెప్పను? నల్లసముద్రం ఒడ్డున ఒక సమాధి దిబ్బలో దొరికిన బంగారు చెంబు గురించి చెప్పాలి. దాని మీద ఒక గడ్డపు మనిషి ఇంకొక గడ్డపు మనిషి నోట్లో వేళ్లు పెట్టి పన్ను చూస్తుంటాడు. చూపించుకునేవాడు నొప్పికి ఓర్చుకోలేక వాడి చెయ్యి పట్టుకుని ఉంటాడు. ఆ బొమ్మను న్యూజిలాండ్‌లో, హామిల్టన్ లైబ్రరీలో నాకు చూపించి, "అరే పంతులూ, ఇది చూసినోడు వేసినాడు! పక్కన కూర్చుని చూసినాడు!" అని లైబ్రరీ మొత్తం తిరిగి చూసేలా కేక పెట్టిన పెద్దాయన గురించి కూడా చెప్పాలి. మత్తు సూది ఎక్కేలోపు అయ్యే కథ కాదది.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆక్లండ్‌లో కూతురింట్లో ఉండగా పోయారని తర్వాతెప్పుడో తెలిసింది. కానీ ఇప్పటికీ ఏ బొమ్మ చూసినా, పేపర్లో ఎవరి ఫొటో చూసినా, ముందు ఆయన గొంతే వినిపిస్తుంది నాకు.

రెండువేల సంవత్సరం తర్వాతి మాట ఇది. నేను అప్పుడు బ్రెడ్ డెలివరీ వ్యాను నడిపేవాణ్ణి. తెల్లవారకముందే బయల్దేరి, ఇక్కడ డెయిరీలనే వీధి కొట్లకీ సూపర్‌మార్కెట్లకీ ట్రేలు దింపి, మధ్యాహ్నానికి ఖాళీ అయ్యేవాణ్ణి. ఫ్లాట్‌కి వెళ్తే నిద్రొస్తుంది, నిద్రపోతే బతుకంతా బ్రెడ్డే అయిపోతుందని భయం. అందుకని తిన్నగా లైబ్రరీకి వెళ్లేవాణ్ణి. ఇంటర్ దగ్గర ఆగిపోయిన చదువు నాది. కానీ ఆ లైబ్రరీలో కళల పుస్తకాల అర ఒక చివర్నుంచి మొదలుపెట్టి రెండో చివరిదాకా చదివానని ఇవాళ్టికీ గర్వంగా చెప్పుకుంటాను. ఎవరూ చెప్పకుండా, ఎవరూ అడగకుండా చదివాను. గ్రీకులు తమ దేశంలో చోటు చాలక, వ్యాపారం కోసం, ఓడలెక్కి సిసిలీకీ దక్షిణ ఇటలీకీ నల్లసముద్రం ఒడ్డుకీ వెళ్లి ఊళ్లు కట్టుకున్నారని నాకు అక్కడే తెలిసింది. వెళ్లిన చోట కనిపించిన పరాయి మనుషుల్నీ, కనిపించకపోయినా ఉన్నారని విన్న వింత మనుషుల్నీ కుండల మీదా గోడల మీదా బొమ్మలు వేసుకున్నారు. ఆ పుస్తకాలు పెద్దవి, బరువైనవి, ఇంటికి ఇవ్వరు. అక్కడే కూర్చుని చూడాలి.

ఒకరోజు సిసిలీ పుస్తకం తెరిస్తే పేజీ నిండా గోర్గాన్ అనే గ్రీకు రాక్షసి బొమ్మ వచ్చింది. గుండ్రటి మొహం, కోరలు, పాముల్లాంటి జుట్టు, గడ్డం దాకా వేలాడే నాలుక. "అమ్మ బాబోయ్" అన్నాను పైకే.

"నాలుక భలే వేసినాడు" అని వెనక నుంచి తెలుగులో వినిపించింది.

తిరిగి చూస్తే పొట్టిగా, నల్లగా, మొహమంతా నవ్వున్న పెద్దాయన. కళ్లజోడు నుదుటి మీద ఉంది. చొక్కా జేబు దగ్గర ఎర్ర పెయింటు మరక. వేళ్ల సందుల్లోంచి టర్పెంటైన్ వాసన. నేను లేచేలోపే నా పక్క కుర్చీ లాక్కుని కూర్చుని, బొటనవేలితో బొమ్మ కింద రాసిన అక్షరాలు మూసేశారు. తర్వాత తెలిసింది, ఆయన ఏ బొమ్మ చూసినా అదే పని చేస్తారని. కింద ఏం రాసుందో ముందు చదవరు. మూసేసి, తల ఒక పక్కకి వంచి, కాసేపు చూసి, అప్పుడు అడుగుతారు:

"ఈ బొమ్మ వేసినోడు దీన్ని చూసినాడా, విన్నాడా?"

"గోర్గాన్‌ని ఎవరు చూస్తారండీ? కట్టుకథ కదా" అన్నాను.

"అవునా? మరి నాలుక సంగతేంది? ఈ నాలుక విన్నది కాదబ్బా. ఎవరో వాడికి వెక్కిరిస్తా నాలుక చాపి చూపించినారు. పెండ్లామై ఉంటాది."

నేను నవ్వాను. ఆయన నాకంటే గట్టిగా నవ్వారు. కౌంటర్ దగ్గరి లైబ్రేరియన్ వేలు పెదాల మీద పెట్టింది. ఆయన ఆమెకి చెయ్యెత్తి "బులా!" అన్నారు. అది ఫిజీలో అందరూ చేసే పలకరింపు. లైబ్రరీలో అది క్షమాపణ కింద చెల్లుతుందని ఆయన నమ్మకం.

ఆయన ముత్తాతల్ని చెరకు తోటల్లో కూలికని ఒప్పందం మీద మద్రాసు నుంచి ఓడెక్కించి ఫిజీకి తీసుకెళ్లారట. ఆయనకి ఇండియా తెలియదు. కానీ ఇంట్లో తెలుగు మిగిలింది. ఎవరో పెట్టెలో పెట్టి మడత నలగకుండా ఉంచిన చీరలాంటి తెలుగు అది. మధ్యలో ఇంగ్లీషు, మధ్యలో హిందీ, కానీ "ఉండాది", "పోతిని", "వస్తివా" అని లోపలి నేత మాత్రం చెదరలేదు. ఫిజీలో గొడవలయ్యాక భార్యా ఆయనా హామిల్టన్ వచ్చి, ఊరి చివర రోటోటూనాలో కూతురు అద్దెకి తీసుకున్న ఇంట్లో ఉండేవారు. కూతురు తర్వాత ఆక్లండ్ వెళ్లిపోయింది. వీళ్లు ఇక్కడే ఆగారు. ఫిజీలో బస్సులకీ దుకాణాల బోర్డులకీ గుళ్లలో దేవుళ్లకీ రంగులేసిన చెయ్యి, ఇక్కడ చుట్టుపక్కల వాళ్ల లెటర్‌బాక్సుల మీద గువ్వలూ పూలూ వేసేది. అడిగినవాళ్లకీ వేసేవారు, అడగనివాళ్లకీ వేసేవారు.

నేను చదివినది ఆయనకి చెప్పడం, ఆయన దాన్ని ఒప్పుకోకపోవడం, ఇదీ మా స్నేహం. నా పుస్తకాల గోల చూసి నాకు పంతులని పేరు పెట్టారు.

నల్లసముద్రం ఒడ్డున దొరికిన కుండల మీద ఒక కథ మళ్లీ మళ్లీ వస్తుంది. ఎక్కడో ఉత్తరాన ఒంటికన్ను మనుషులు ఉంటారట, అరిమాస్పులని పేరు. గద్ద తల, సింహం ఒళ్లు ఉన్న గ్రిఫిన్లు అక్కడ బంగారానికి కాపలా. ఒంటికన్ను వాళ్లు గుర్రాలెక్కి వెళ్లి బంగారం ఎత్తుకొస్తుంటే గ్రిఫిన్లు మీదపడతాయి. నేను ఇదంతా ఉత్సాహంగా చెప్పి బొమ్మ చూపించాను. ఆయన అక్షరాలు మూసి, కళ్లజోడు నుదుటి మీద నుంచి ముక్కు మీదకి దించి చూశారు.

"ఒంటికన్ను అంటివే? ఇదిగో, వీడికి రెండున్నాయి."

చూస్తే నిజమే. ఒకడి మొహం కొంచెం ఇటు తిరిగి ఉంది, రెండు కళ్లూ చక్కగా ఉన్నాయి. నేను గబగబా ఇంకో బొమ్మ తీశాను. "ఇక్కడ చూడండి, ఒకటే ఉంది."

"అది పక్కకి తిరిగిన మొహం, పంతులూ! పక్కకి తిరిగితే మీ అమ్మకీ ఒకటే కన్ను!"

నాకు రోషం వచ్చింది. మర్నాడు ఇంకో పుస్తకం చదివి వచ్చాను. ఆ కుండలు చాలావరకు నల్లసముద్రం ఒడ్డున చేసినవి కావట. ఏథెన్స్‌లో చేసి, నల్లసముద్రం ఒడ్డు వాళ్లకి నచ్చే బొమ్మలని ఓడల్లో పంపినవట. పండితులే రాశారని గర్వంగా చెప్పాను.

"అదే కదా నేను చెప్పేది" అన్నారాయన, తనేదో ముందే చెప్పినట్టు. "యాడనో కూర్చుని విన్నాడు. ఒంటికన్ను అని విన్నాడు, వేయబోతే చెయ్యి రాలే. మనిషి మొహానికి రెండు కళ్లు పెట్టి అలవాటైన చెయ్యి అది. నోరు అబద్ధం చెప్తాది కానీ, చెయ్యి అంత సులువుగా చెప్పదబ్బా."

ఆ తర్వాతే ఆ బంగారు చెంబు దొరికింది మాకు. దాన్ని అక్కడే, నల్లసముద్రం ఒడ్డు గ్రీకు ఊళ్లోనే ఉండే కంసాలి చేశాడంటారు. మీద ఉన్నది రాక్షసులూ కాదు, ఒంటికన్ను వాళ్లూ కాదు. ఇరుగుపొరుగున గుర్రాల మీద తిరిగే సిథియన్లు. ఒకడు వంగి విల్లుకి తాడు బిగిస్తుంటాడు. ఒకడు ఇంకొకడి కాలికి కట్టు కడుతుంటాడు. ఒకడు పన్ను చూపించుకుంటుంటాడు. వాళ్ల పైజామాల మీద కుట్టుపూలు కూడా కనిపిస్తాయి. ఆరోజే ఆయన లైబ్రరీలో ఆ కేక పెట్టింది. లైబ్రేరియన్ లేచి వచ్చింది. ఆయన ఆమెని కూడా కూర్చోబెట్టి పన్ను చూపించారు. ఆమె వెళ్తూ వెళ్తూ తన దవడ తడుముకుంది.

అన్నీ అంత తేలిగ్గా తేలేవి కావు. దక్షిణ ఇటలీలో గ్రీకుల ఊళ్లలో చేసిన ఒక తాగే పాత్ర ఉంది. నల్లజాతి మనిషిని మొసలి పట్టుకున్నట్టు మట్టితో చేశారు. దాని మీద మేము ఒక వారమంతా వాదించుకున్నాం. చివరికి ఆయన తీర్పు చెప్పారు: "జుట్టు చూసినాడు. మొసలిని విన్నాడు. ఒకే కుండలో రెండూ ఉండాయి. మనుషులు కూడా అంతే పంతులూ, మనం సగం చూస్తాం, సగం వింటాం."

"మరి ఇక్కడి మావోరీ చెక్కడాలు? నాలుక చాపి ఉంటాయి కదా?" అన్నాను ఒకసారి, గోర్గాన్ గుర్తొచ్చి.

ఆయన నవ్వడం మానేశారు. "అది వేరే. వాళ్ల తాతల్ని వాళ్లే చెక్కుకున్నారు. ఆడ మన లెక్క పనికిరాదు. ఇంకొకర్ని వేసేటప్పుడే ఈ ప్రశ్న."

ఈ ప్రశ్న ఆయనకి ఎక్కడ పట్టుకుందో కూడా చెప్పారు. ఫిజీలో, లంబాసా ఊళ్లో ఉండగా ఒక హోటలు వాడు పిలిచి, టూరిస్టులు ఫొటోలు దిగడానికి గోడ నిండా ఫిజీ యోధుణ్ణి వేయమన్నాడు. భయంకరంగా ఉండాలి, ముక్కులో ఎముక ఉండాలి అన్నాడు. ఈయన తన పక్కింటి ఫిజీ ఆయన్ని మనసులో పెట్టుకుని వేశారు. ఆ పక్కింటాయన చర్చిలో పాటలు పాడేవాడట, పెండలం నాటడం ఈయనకి నేర్పింది అతనే. బొమ్మ అయ్యాక చూపించడానికి తీసుకెళ్లారు.

"చాలాసేపు చూసినాడు. ఎవరిది ఈ బొమ్మ అన్నాడు. నీదే అంటిని. మళ్లీ చూసినాడు. అప్పుడు నా చెవిలో అన్నాడు, 'మా ఆవిడకి చూపించొద్దు. రేపట్నించీ నాతో గిన్నెలు తోమించడానికి భయపడతాది' అని."

చెప్పి తనే పడీపడీ నవ్వారు. కానీ మర్నాడే వెళ్లి ఆ ఎముక తీసేసి, ముక్కు మామూలుగా వేశారట. హోటలు వాడు డబ్బు సగమే ఇచ్చాడు.

ఇక ఆయన భార్య సంగతి. నేను వాళ్లని అంకుల్, ఆంటీ అనేవాణ్ణి. అంకుల్ ఎంత వాగుడుకాయో ఆంటీ అంత మితభాషి. కానీ పాట ఎత్తుకుంటే గొంతు ఖంగుమనేది. వాళ్ల అవ్వ నుంచి వచ్చిన చెక్కభజన పాటలు ఆమెకి వచ్చు. మగవాళ్లు చేతుల్లో చెక్కతాళాలు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ అడుగులేస్తారు, మధ్యలో నిలబడి ఒకరు పాట చెప్తారు. ఫిజీలో వాళ్ల వీధిలో ప్రతి శనివారం జరిగేదట. హామిల్టన్‌లో అడుగులు తెలిసినవాళ్లు అంకుల్, ఆయన బావమరిది, ఇంకో ఇద్దరు చుట్టాలు. పాట తెలిసింది ఆంటీ ఒక్కతే. కూతురికి తెలుగు అర్థమవుతుంది, నోరు రాదు. మనవలకి అదీ లేదు.

"ఒక్కసారి మన తెలుగోళ్ల ముందర ఆమెతో పాడించాల" అనేవారు అంకుల్. "ఇది మాదే అని ఎవురైనా అంటే, పాట బతుకుతాది. లేకుంటే ఆమెతోనే పోతాది."

అడ్డమేమిటంటే, ఆంటీ తెలుగు వాళ్ల దగ్గరికి రానని ఒట్టు పెట్టుకుంది. అంతకు ముందు దీపావళికి మా తెలుగు అసోసియేషన్ వాళ్ల భోజనాలకి తీసుకెళ్తే, పట్టుచీర కట్టుకున్న ఒకావిడ ఈమె మాట విని చేతులు పట్టుకుని, "అబ్బ, తెలుగు ఎంత బాగా నేర్చుకున్నారండీ! ఎక్కడ నేర్చుకున్నారు?" అందట. పాపం, ఆవిడ మెచ్చుకోలుగానే అంది. ఆంటీ పులిహోర ప్లేటు అక్కడే పెట్టి కారెక్కి కూర్చుంది.

"నేను మా అమ్మ కడుపులో నేర్చుకున్నానని చెప్పాల్సింది" అని నాతో అంది, ఏడాది తర్వాత కూడా కోపంగానే.

ఉగాదికి మా అసోసియేషన్ సెక్రటరీ గారు కొత్త ఆలోచన చేశారు. ఆయన రోటోటూనాలోనే ఉండేవారు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మంచి మనిషి, తీరికలేని మనిషి. ఎక్కడెక్కడి తెలుగు వాళ్లందర్నీ స్టేజి మీదికి తేవాలన్నారు. నేను అంకుల్ వాళ్ల గురించి చెప్పాను. ఆయన ఎగిరి గంతేశారు. "సూపర్! ఫిజీ ఐటమ్ ఒకటి కావాలనే చూస్తున్నాను!"

అంకుల్ ఆ రోజు నుంచి భూమ్మీద నడవలేదు. ఆంటీని బతిమాలారు, అలిగారు, ఆమె పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరిగారు. చివరికి ఆమె ఒప్పుకుంది. కానీ ఒక మాట చెప్పింది. "ఇంకొక్కసారి నన్ను పరాయిదాన్ని చేస్తే, ఈ నోట్లో నుంచి పాట రాదు. నీ ముందర కూడా పాడను."

అప్పుడు పోస్టరు వచ్చింది. ఇండియన్ షాపులో బియ్యం బస్తాల పైన అంటించారు. నేను చూసి, ఒకటి ఊడదీసి అంకుల్ దగ్గరికి తీసుకెళ్లాను. కూచిపూడి, జానపదం, పిల్లల సినిమా డాన్సు, చివర్న గడ్డి లంగా కట్టుకుని మెడలో పూలదండతో, కొబ్బరి చెట్టు కింద డోలు వాయించే ఒక మనిషి బొమ్మ. కింద ఏదో రాసి ఉంది. అంకుల్ అలవాటుగా బొటనవేలితో ఆ రాత మూసేశారు. తల పక్కకి వంచారు.

"విన్నాడు" అన్నారు మెల్లగా. వేలు తీసి చదివారు. 'మన ఫిజీ మిత్రుల ఐలాండ్ డాన్స్' అని ఉంది.

"ఆంటీ చూస్తే?" అన్నాను.

"చూడకూడదు" అని మడిచి చొక్కాలో దాచారు. ఆయన అంత గంభీరంగా ఉండటం నేను మొదటిసారి చూశాను. "తిట్టొద్దు పంతులూ. ఆ సెక్రటరీ కూడా యాడనో కూర్చుని విన్నోడే. పిలుచుకురా. చూపిద్దాం."

ఆదివారం మధ్యాహ్నం సెక్రటరీ గారిని తీసుకెళ్లాను. వాన పడుతోంది. కారు బయటపెట్టి గరాజ్‌లో చాపలు పరిచారు. నలుగురు ముసలాళ్లు ఉన్ని టోపీలు, ట్రాక్‌ప్యాంట్లు, ఒకాయనైతే గంబూట్లతోనే. చెక్కతాళాలు అంకుల్ తనే చెక్కినవి, అంచులకి ఎర్ర రంగు. ఆంటీ స్వెట్టర్ మీద చీర చెంగు చుట్టుకుని స్టూలు మీద కూర్చుంది. సెక్రటరీ గారు వస్తూ వస్తూ చేతిలో పెద్ద ప్లాస్టిక్ సంచి తెచ్చారు. నాకు లోపలేముందో తెలియదు.

"నమస్కారం ఆంటీ! కాస్ట్యూమ్స్ నేనే కొనుక్కొచ్చేశా, మీకు శ్రమ ఎందుకని" అంటూ సంచి తెరిచి బయటికి లాగారు. పార్టీ షాపులో దొరికే ప్లాస్టిక్ గడ్డి లంగాలు. ఆకుపచ్చవి.

ఆంటీ స్టూలు మీద నుంచి లేచింది. "ఇవేంది?" అంది.

"మీ డాన్స్‌కి, ఆంటీ..." సెక్రటరీ గారికి ఏదో తేడా జరిగిందని అప్పుడు అర్థమైంది, ఏమిటో మాత్రం అర్థం కాలేదు.

ఆంటీ ఇంట్లోకి వెళ్లే తలుపు వైపు తిరిగింది. ఆమె ఆ తలుపు దాటితే అంతే. మరుక్షణం అంకుల్‌కి ఏం తోచిందో, ఒక లంగా అందుకుని సెక్రటరీ గారి ముందు కూర్చుని, ఆయన ఇస్త్రీ ప్యాంటు మీదుగా నడుముకి చుట్టేసి ముడి బిగించారు.

"నిలబడు సారూ, కదలొద్దు. కొలత సరిపోయిందా చూద్దాం. అబ్బబ్బ! ఏయ్, ఇటు చూడవే! ఈయన మా లంబాసాకి వస్తే హోటలు గోడ మీద ఈయన్నే వేద్దును!"

బావమరిది ముందు నవ్వాడు. గంబూట్లాయన గోడకి ఆనుకుని నవ్వాడు. సెక్రటరీ గారు తన నడుము వైపు చూసుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, చివరికి తనూ నవ్వేశారు. "అంకుల్, నేను... సారీ అంకుల్, నేను అనుకున్నది..."

"అనుకున్నది కాదు సారూ. ఇప్పుడు చూడు."

తలుపు దగ్గర ఆగిన ఆంటీ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. తిరిగి వచ్చి స్టూలు మీద కూర్చుంది.

పాట మొదలైంది. రాముడి మీద పాట. చెక్కలు టకటకమంటున్నాయి, ముసలి మోకాళ్లు వంగుతున్నాయి, నలుగురూ చాపల మీద గుండ్రంగా తిరుగుతున్నారు. సెక్రటరీ గారు లంగా విప్పడం మర్చిపోయి అలాగే నిలబడిపోయారు. పాట అయ్యాక, వాళ్లు గ్రోగ్ అని పిలిచే, ఒక మొక్క వేరు నూరి చేసే, బురదనీళ్లలా కనిపించే పానీయం కొబ్బరి చిప్పలో పోసిస్తే ఒక్క గుక్కలో తాగి, నాలుక తిమ్మిరెక్కి, "ఆంటీ, ఇది ఐలాండ్ డాన్స్ కాదు" అన్నారు ముద్దముద్దగా.

"ఇప్పుడు తెలిసిందా?" అంది ఆంటీ. "ఆ షాపులో కాగితం మారిస్తేనే వస్తా."

అంటే ఆమె పోస్టరు ఎప్పుడో చూసింది. అంకుల్ దాచింది ఆమెకి ఎప్పుడో తెలుసు. అయినా ఆదివారం దాకా ఆగింది.

కొత్త పోస్టరు అంకుల్ స్వయంగా వేశారు. నలుగురు ముసలాళ్లు టోపీలతో, గంబూట్లతో, మధ్యలో ఆంటీ నోరు తెరిచి పాడుతూ. ఆమె దాన్ని చూసి, "నన్ను ఇంత లావుగా వేసినావేంది?" అంది.

"చూసి వేసినా" అన్నారు అంకుల్. ఆ రాత్రి ఆయనకి భోజనం ఆలస్యమైందని నాతో చెప్పుకున్నారు.

ఉగాది రోజు స్కూలు హాల్లో నేను తెర పక్కన నిలబడ్డాను, అంకుల్ చెమటలు తుడుచుకుంటున్నారు. సెక్రటరీ గారు మైకులో, "ఇప్పుడు మన తెలుగు వాళ్ల చెక్కభజన" అని మాత్రమే అన్నారు. ఫిజీ అనే మాటే వాడలేదు. ఆంటీ మైకుకి దూరంగా నిలబడి పాడింది, అయినా చివరి వరస దాకా వినిపించింది. మొదట పిల్లలు గోల చేశారు. తర్వాత ఎవరో చప్పట్లతో తాళం కలిపారు. అయిపోయాక జనం గట్టిగా చప్పట్లు కొట్టారు, కొట్టి ఆపేశారు. అంతే. అంకుల్ స్టేజి దిగి నా పక్కకి వచ్చి, జనం వైపు వెతుకుతున్నట్టు చూశారు. మర్యాదకి కొట్టిన చప్పట్లేమోనని ఆయన అనుమానం. నాదీ అదే.

ఆంటీ ఇంకా మెట్లు దిగుతోంది. మూడో వరస నుంచి ఒకావిడ లేచి గబగబా వచ్చింది. ఒక రెస్ట్‌హోమ్‌లో నర్సు ఆవిడ, చిత్తూరు వైపు మనిషి. ఆదివారం చర్చి నుంచి తిన్నగా వచ్చినట్టుంది, చేతిలో ఇంకా బైబిల్ ఉంది. వచ్చి ఆంటీ దారికి అడ్డంగా నిలబడింది.

"అక్కా, రెండో చరణం తర్వాత ఎదురు తిరగాల కదా? మీ వాళ్లు కుడికే తిరిగినారు!"

ఆంటీ ఆగిపోయింది. "కుడికే తిరగాల."

"కాదక్కా! మా వీధి భజనలో చిన్నప్పుడు చూసినా. ఎదురు తిరిగి, ఒక అడుగు వెనక్కి ఏసి, అప్పుడు చెక్క కొట్టాల."

"మా అవ్వ ఇట్లనే చూపించింది!"

"మీ అవ్వ ఓడలో మర్చిపోయింటాది!"

"మా అవ్వనా? మర్చిపోయేది మీ వీధోళ్లు! అందరూ టౌన్లకి పోయి!"

ఆవిడ బైబిల్ నా చేతిలో పెట్టేసి, అంకుల్ చేతిలోంచి చెక్కలు లాక్కుంది. మెట్ల దగ్గరే ఎదురు తిరిగి అడుగు వేసి చూపించింది. ఆంటీ చెంగు బిగించి, "అట్ల కాదు, చూడు" అని తను కుడికి తిరిగింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వచ్చి చేరారు, ఒకావిడ అటు, ఒకావిడ ఇటు. గొంతులు లేచాయి. సినిమా డాన్సు పిల్లలు తళతళలాడే బట్టలతో మెట్ల కింద వరసగా నిలబడ్డారు, పైకి వెళ్లే దారి లేదు. సెక్రటరీ గారు మైకులో, "అమ్మా, దయచేసి స్టేజి ఖాళీ చేయండి, అమ్మా" అంటున్నారు. ఎవరూ వినడం లేదు.

నేను ఆంటీని పక్కకి తీసుకురాబోయాను. అంకుల్ నా చెయ్యి పట్టుకుని ఆపారు. ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తున్నారు, ఎంత తుడిచినా తడి పోవడం లేదు.

"వదిలెయ్ పంతులూ" అన్నారు. "పోట్లాట మొదలైంది. ఇంక ఈమె ప్రతి ఏడాదీ వస్తాది."